నమ్మకం అమ్మే దుకాణం మూసేశారు

నెట్‌వర్క్ సెక్యూరిటీ సబ్జెక్టులో ఎక్స్ డాట్ 509 సర్టిఫికెట్ అంటే మనందరికీ ఒక డబ్బాల బొమ్మ. పైన వెర్షన్ నంబరు, దాని కింద సీరియల్ నంబరు, ఆ కింద ఇష్యూయర్ పేరు, చివర్న సంతకం. బొమ్మ గీసి పక్కన నాలుగు ముక్కలు రాస్తే మార్కులు పడిపోతాయి. అయితే ఆ ఇష్యూయర్ ఎవరు? ఆయనకి ఆ అధికారం ఎవరిచ్చారు? ఆయన తప్పు చేస్తే అడిగే దిక్కెవరు? ఈ మూడు ప్రశ్నలకీ సిలబస్‌లో జవాబు దొరకలేదు నాకు. వెతుక్కుంటూ పోతే 2017లో జరిగిన ఒక వ్యవహారంలో దొరికింది. ఆ రంగంలో అప్పటికి అందరికంటే పెద్ద పేరున్న సిమాంటెక్ అనే కంపెనీ వెబ్‌సైట్ సర్టిఫికెట్ల వ్యాపారాన్నే వదిలేసి వెళ్ళిపోయింది. నష్టాలొచ్చి కాదు, హ్యాకర్లు పడి కాదు. బ్రౌజర్లు "మేమింక నిన్ను నమ్మం" అన్నాయి, అంతే.

ఆ కథ చెప్పాలంటే ముందు ఈ వ్యాపారం ఏమిటో చెప్పాలి. ఇక్కడ సీఏ అంటే చార్టర్డ్ అకౌంటెంట్ కాదు, సర్టిఫికెట్ అథారిటీ.

గెజిటెడ్ సంతకం లాంటిదే

మన అన్నయ్యలు, అక్కయ్యలు కాలేజీలో చేరే రోజుల్లో జిరాక్స్ కాపీల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం కోసం ఎంత తిరిగేవాళ్ళో వినే ఉంటారు. ఇప్పుడు సెల్ఫ్ అటెస్టేషన్ వచ్చాక ఆ బాధ తగ్గింది. ఆ పద్ధతి వెనక లాజిక్ మాత్రం సింపుల్. కౌంటర్ దగ్గర కూర్చున్న క్లర్కుకి మీరెవరో తెలీదు. ఆఫీసరు మాట మీద నమ్మకం ఉంది. ఆఫీసరు ఒరిజినల్ చూసి కాపీ మీద ఆకుపచ్చ సిరాతో సంతకం పెడితే, క్లర్కు ఆ సంతకాన్ని చూసి మిమ్మల్ని నమ్ముతాడు.

ఇంటర్నెట్‌లో కూడా ఇదే. మీరు బ్యాంకు సైటు తెరిచారు. ఆ సైటు తన పబ్లిక్ కీ పంపిస్తుంది. ఆ కీతో మొదలుపెట్టి మీ ఫోనూ, బ్యాంకు సర్వరూ ఒక రహస్య సంభాషణ ఏర్పాటు చేసుకుంటాయి. అంతవరకూ గణితం చూసుకుంటుంది. కానీ హాస్టల్ వైఫైకీ బ్యాంకుకీ మధ్య ఎవడో కూర్చుని "నేనే బ్యాంకుని, ఇదిగో నా కీ" అంటే? గణితం వాడితో కూడా అంతే భద్రంగా మాట్లాడేస్తుంది. మీ పాస్‌వర్డు చక్కగా ఎన్‌క్రిప్ట్ అయి నేరుగా దొంగ చేతికే పోతుంది. కాబట్టి ఫలానా కీ ఫలానా పేరుదే అని చెప్పే మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషే సీఏ. ఆయన సంతకం పెట్టిన కాగితమే సర్టిఫికెట్.

ఇక్కడ క్లర్కు ఎవరంటే మన బ్రౌజరు. ఏ ఆఫీసర్ల సంతకాలు చెల్లుతాయో ఒక జాబితా బ్రౌజరు దగ్గరో ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరో ఉంటుంది. దాన్ని రూట్ స్టోర్ అంటారు. అందులో వందకి పైగా రూట్ సర్టిఫికెట్లు ఉంటాయి. ఆ జాబితాలో ఉన్న రూటు ఒక ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ మీద సంతకం పెడుతుంది, ఆ ఇంటర్మీడియట్ సైటు సర్టిఫికెట్ మీద పెడుతుంది. ఈ గొలుసు జాబితాలోని రూటు దాకా చేరితే సైటు తెరుచుకుంటుంది. లేకపోతే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర హెచ్చరిక వస్తుంది.

ఈ పద్ధతిలో రెండు బలహీనతలున్నాయి. అవి అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే.

మొదటిది: జాబితాలో ఉన్న ఏ సీఏ అయినా ఏ సైటుకైనా సంతకం పెట్టగలదు. గుంటూరులో ఉన్న ఆఫీసరు ఆదిలాబాద్ కుర్రాడి కాపీ మీద సంతకం పెట్టినా చెల్లినట్టే. మీరు ఎంత మంచి సీఏ దగ్గర సర్టిఫికెట్ కొనుక్కున్నా సరే, జాబితాలోని ఇంకో బద్ధకస్తుడైన సీఏ మీ పేరు మీద ఎవడికో సంతకం పెట్టిస్తే, బ్రౌజరు దాన్నీ ఒప్పుకుంటుంది.

రెండోది: డబ్బిచ్చేది ఒకరు, దెబ్బతినేది ఇంకొకరు. సీఏకి ఫీజు కట్టేది సైటు యజమాని. సీఏ సరిగ్గా తనిఖీ చెయ్యకపోతే మోసపోయేది ఆ సైటుకి వెళ్ళే మీరూ నేనూ. గట్టిగా తనిఖీ చేసే సీఏకి ఖర్చెక్కువ, కస్టమరుకి విసుగు. చూసీ చూడనట్టు పోయే సీఏకి ఖర్చు తక్కువ, కస్టమరు ఖుషీ. మార్కెట్టుకే వదిలేస్తే ఎటు జారుతుందో చెప్పక్కర్లేదు.

పెద్ద పేరు ఎలా పెద్దదయింది

1995లో అమెరికాలో వెరిసైన్ అనే కంపెనీ పుట్టింది. వెబ్‌లో క్రెడిట్ కార్డు నంబరు టైపు చెయ్యడానికి జనం భయపడే రోజులు. ఆ భయం మీదే ఈ వ్యాపారం లేచింది. అదే ఏడాది దక్షిణాఫ్రికాలో మార్క్ షటిల్‌వర్త్ అనే కుర్రాడు థాట్ అనే సీఏని మొదలుపెట్టాడు. 1999లో వెరిసైన్ ఆ థాట్‌ని 57.5 కోట్ల డాలర్లకి కొనేసింది. ఆ డబ్బుతో షటిల్‌వర్త్ 2002లో రష్యన్ రాకెట్టెక్కి అంతరిక్షానికి వెళ్ళొచ్చాడు, 2004లో ఉబుంటు మొదలుపెట్టాడు. మన ల్యాబ్ సిస్టమ్స్‌లో బూట్ అయ్యే ఉబుంటు వెనక సర్టిఫికెట్లు అమ్మిన డబ్బుందని నాకు ఈ వ్యాసం కోసం చదువుతున్నప్పుడే తెలిసింది.

2006లో వెరిసైన్ జియోట్రస్ట్‌ని కూడా కొంది. 2010లో యాంటీవైరస్‌లకి పేరున్న సిమాంటెక్, వెరిసైన్ దగ్గర్నుంచి ఈ మొత్తం సర్టిఫికెట్ల విభాగాన్ని సుమారు 128 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. అలా వెరిసైన్, థాట్, జియోట్రస్ట్, ర్యాపిడ్ ఎస్ఎస్ఎల్ అన్నీ ఒకే గొడుగు కిందకి వచ్చాయి. షాపింగ్ సైట్ల అడుగున టిక్కు మార్కుతో కనిపించే ముద్ర కూడా సిమాంటెక్ చేతికొచ్చింది. గూగుల్ 2017లో చెప్పిన దాని ప్రకారం, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు చేసే సర్టిఫికెట్ తనిఖీల్లో దాదాపు 42 శాతం సిమాంటెక్ సర్టిఫికెట్ల మీదే. అంటే వందసార్లు తాళం తీస్తే నలభై సార్లకి పైగా ఆ ఒక్క కంపెనీ చెయ్యి దాని మీద ఉన్నట్టు.

గూగుల్ పేరు మీద గూగుల్‌కి తెలియని సర్టిఫికెట్

2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సీఏని ఎవరో హ్యాక్ చేసి ఐదొందలకి పైగా దొంగ సర్టిఫికెట్లు తయారు చేసుకున్నారు. అందులో గూగుల్ పేరు మీద తీసిన దాన్ని ఇరాన్‌లో సుమారు 3 లక్షల మంది యూజర్ల జీమెయిల్ మీద నిఘాకి వాడారు. బ్రౌజర్లు డిజినోటార్‌ని తీసి పారేశాయి. అదే ఏడాది సెప్టెంబరులో ఆ కంపెనీ దివాలా తీసింది.

ఆ దెబ్బతో పుట్టిన ఆలోచన సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ. సీఏ తాను ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌నీ ఎవరైనా చూడగలిగే బహిరంగ లాగ్‌లో రాయాలి. ఆ లాగ్ మెర్కిల్ ట్రీ పద్ధతిలో ఉంటుంది, మన డేటా స్ట్రక్చర్స్ చెట్టే. కొత్త ఆకు చేర్చగలం గానీ పాతదాన్ని చడీచప్పుడు లేకుండా చెరపలేం. 2013లో దీనికి ప్రమాణం వచ్చింది. ఆఫీసరు ప్రతి సంతకాన్నీ ఊరి రచ్చబండ దగ్గర పలక మీద రాయాలన్నట్టు. తప్పు సంతకాన్ని ఇది ఆపదు గానీ, దాచుకోనివ్వదు.

2015 సెప్టెంబరు 14న ఆ పలక మీద ఒక వింత కనిపించింది. సిమాంటెక్ వారి థాట్ బ్రాండు మీద గూగుల్ డాట్ కామ్ పేరుకి ఒక సర్టిఫికెట్. గూగుల్ అడగలేదు. అది మామూలు రకం కూడా కాదు, అప్పట్లో అడ్రస్ బార్‌లో కంపెనీ పేరు ఆకుపచ్చగా చూపించే ఎక్స్‌టెండెడ్ వాలిడేషన్ రకం. సిమాంటెక్ చెప్పిన సంజాయిషీ: లోపల టెస్టింగ్ కోసం చేసుకున్నాం, బయటికి పోలేదు, బాధ్యులైన ఉద్యోగుల్ని తీసేశాం. మొత్తం 23 టెస్టు సర్టిఫికెట్లే అని రిపోర్టిచ్చింది. గూగుల్ వాళ్ళు లాగ్ తిరగేస్తే ఇంకొన్ని కనిపించాయి. మళ్ళీ వెతికితే 76 డొమైన్ల మీద మరో 164, అసలు ఎవరూ రిజిస్టర్ చెయ్యని డొమైన్ల పేర్ల మీద 2,458 బయటపడ్డాయి.

అసలు సమస్య సర్టిఫికెట్ల సంఖ్య కన్నా, సిమాంటెక్‌కి తన ఇంట్లో ఏం జరుగుతోందో తనకే తెలీకపోవడం. 23 అన్నవాళ్ళు ఆ తర్వాత వేలల్లో తేలారు. అందుకే 2016 జూన్ 1 నుంచి సిమాంటెక్ తన సర్టిఫికెట్లన్నిటినీ లాగ్‌లో రాయాల్సిందేనని గూగుల్ షరతు పెట్టింది.

రబ్బరు స్టాంపు ఎవరి దగ్గర ఉంది?

2017 జనవరిలో ఒక భద్రతా పరిశోధకుడు ఆ లాగ్‌ల్లోనే మళ్ళీ పట్టుకున్నాడు. యజమానుల అనుమతి లేకుండా, "టెస్ట్" అన్న పేర్లతో ఇచ్చిన సిమాంటెక్ సర్టిఫికెట్లు. మొదట లెక్కలో తేలినవి 127. తవ్వుకుంటూ పోతే ఇవి సిమాంటెక్ సిబ్బంది చేసినవి కావని బయటపడింది. దక్షిణ కొరియాకి చెందిన క్రాస్‌సర్ట్ సహా నాలుగు భాగస్వామి సంస్థలకి, తమ తరఫున తనిఖీలు చేసి సర్టిఫికెట్లు ఇప్పించే వీలు సిమాంటెక్ కల్పించింది.

మన భాషలో చెప్పాలంటే, నోటరీ గారు తన రబ్బరు స్టాంపుని నాలుగు ఊళ్ళలో నాలుగు జిరాక్స్ షాపుల వాళ్ళకిచ్చి, "మీరే చూసుకుని కొట్టేయండి" అన్నారు. వాళ్ళు ఒరిజినల్స్ చూస్తున్నారో లేదో గట్టిగా చూసుకోలేదు. స్టాంపు మీద పేరు మాత్రం నోటరీ గారిదే.

2017 మార్చి 23న గూగుల్ క్రోమ్ బృందం బహిరంగంగా ప్రకటించింది. విచారణ మొదలైనప్పుడు 127గా ఉన్న సంఖ్య, కొన్నేళ్ళ కాలంలో ఇచ్చిన కనీసం 30,000 సర్టిఫికెట్ల దాకా విస్తరించిందని చెప్పింది. ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవాలి. 30,000 దొంగ సర్టిఫికెట్లని దీని అర్థం కాదు. ఆ భాగస్వాములు చేసిన తనిఖీ మీద ఆధారపడినవి అన్ని ఉన్నాయి, ఆ తనిఖీనే నమ్మలేమని అర్థం. సిమాంటెక్ ఒప్పుకోలేదు. తప్పుగా ఇచ్చినవి 127 మాత్రమేననీ, వాటివల్ల ఎవరికీ నష్టం జరగలేదనీ, గూగుల్ విషయాన్ని పెద్దది చేస్తోందనీ వాదించింది.

చదువుతుంటే మొదట నాకు సిమాంటెక్ మాటలో న్యాయముందనే అనిపించింది. కోట్ల సర్టిఫికెట్లు ఇచ్చే కంపెనీ, 127 టెస్టు కాగితాలు, ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. దీనికి ఇంత శిక్షా? కానీ ఈ సరుకు గురించి కాస్త ఆలోచించండి. బియ్యం బస్తాలో పురుగుంటే వండే ముందు కనిపిస్తుంది. సర్టిఫికెట్‌లో తనిఖీ జరిగిందో లేదో కొన్నవాడికీ తెలీదు, వాడేవాడికీ తెలీదు. సంతకం ఒక్కటే కనిపిస్తుంది, అది రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉంటుంది. సీఏ అమ్మే సరుకే "నేను చూశాను" అన్న మాట. ఆ మాట నిజమో కాదో తనకే ఖాయంగా తెలీనప్పుడు అమ్మడానికి ఇంకేం మిగిలింది?

తీసెయ్యడం అంత తేలిక కాదు

మరి అదే రోజు రూట్ స్టోర్ నుంచి ఎందుకు తీసెయ్యలేదు? 42 శాతం గుర్తుంది కదా. డిజినోటార్ చిన్నది, తీసేస్తే నొప్పి ఎక్కువగా నెదర్లాండ్స్‌కే పరిమితమైంది. సిమాంటెక్‌ని ఒక్క రాత్రిలో తీసేస్తే బ్యాంకులు, ఆస్పత్రులు, టికెట్ బుకింగులు ప్రపంచమంతా ఎర్ర హెచ్చరికలతో ఆగిపోతాయి. పైగా అన్నిచోట్లా హెచ్చరికలే వస్తే జనం ఏం చేస్తారో మనకి తెలుసు. "అడ్వాన్స్‌డ్" నొక్కి, "ప్రొసీడ్" నొక్కి వెళ్ళిపోతారు. అప్పుడు నిజమైన దొంగ వచ్చినా అలాగే వెళ్ళిపోతారు. శిక్ష వెయ్యాల్సింది సీఏకి, వాతలు పడేది జనానికి.

అందుకే నెలల తరబడి చర్చ జరిగి ఒక టైంటేబుల్ తయారైంది. 2017 డిసెంబరు 1 నుంచి సిమాంటెక్ పేరు మీద ఇచ్చే కొత్త సర్టిఫికెట్లు వేరే నమ్మకమైన సీఏ వ్యవస్థ నుంచే రావాలి. 2018 ఏప్రిల్‌లో వచ్చే క్రోమ్ 66, 2016 జూన్ 1కి ముందు ఇచ్చిన సిమాంటెక్ సర్టిఫికెట్లని ఒప్పుకోదు. 2018 అక్టోబరులో వచ్చే క్రోమ్ 70, పాత వ్యవస్థ నుంచి వచ్చిన దేన్నీ ఒప్పుకోదు. మొదటి గీత సరిగ్గా ఆ జూన్ 1 దగ్గరే ఎందుకు గీశారంటే, లాగ్ షరతు అమల్లోకి వచ్చింది ఆ రోజే. ఆ తర్వాత ఇచ్చినవి పలక మీద ఉన్నాయి, తనిఖీ చేసుకోవచ్చు. ముందువి చీకట్లో ఉన్నాయి.

వ్యాపారం కొనసాగించాలంటే వ్యవస్థ మొత్తాన్నీ మళ్ళీ కట్టాలి, అప్పటిదాకా పోటీదారు చేత సంతకాలు పెట్టించుకోవాలి. సిమాంటెక్ ఆ దారి వదిలేసింది. 2017 ఆగస్టు 2న, అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన డిజిసర్ట్‌కి ఈ విభాగాన్ని అమ్మేస్తున్నట్టు ప్రకటించింది. ధర 95 కోట్ల డాలర్ల నగదు, దాంతోపాటు డిజిసర్ట్‌లో సుమారు 30 శాతం వాటా. అక్టోబరు 31కి అమ్మకం పూర్తయింది. 128 కోట్లకి కొన్న దుకాణం ఏడేళ్ళకి చేతులు మారింది.

బ్రౌజర్లు వద్దన్న సీఏకి డిజిసర్ట్ అంత డబ్బెందుకు పెట్టిందంటే, కొన్నది రూట్లని కాదు, ఖాతాదారుల్ని. తనకంటే పెద్ద కంపెనీ కస్టమర్లందరినీ ఒకేసారి తెచ్చుకుని, తన సొంత రూట్ల కింద మళ్ళీ తనిఖీ చేసి, పాత సర్టిఫికెట్ల బదులు కొత్తవి ఉచితంగా ఇచ్చింది. బోర్డు మీద పేరున్నా లోపల తాళాలన్నీ మార్చాల్సిన ఇల్లు కొనుక్కున్నట్టు.

మార్పిడిలో జరిగిన తమాషాలు

2018 ఫిబ్రవరిలో ట్రస్టికో అనే బ్రిటిష్ రీసెల్లరు, తాను అమ్మిన 50,000 సిమాంటెక్ సర్టిఫికెట్లని రద్దు చెయ్యమని డిజిసర్ట్‌ని అడిగింది. ప్రైవేట్ కీలు బయటపడ్డాయన్న రుజువు కావాలి, ఊరికే చెయ్యలేమని డిజిసర్ట్ అంది. అప్పుడు ట్రస్టికో ఏం చేసిందో తెలుసా? 23,000 సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలని ఈమెయిల్‌లో పెట్టి పంపింది! ఈమెయిల్‌లో పంపాక అవి బయటపడ్డట్టే కదా. నిబంధన ప్రకారం 24 గంటల్లో రద్దు చెయ్యాలి, డిజిసర్ట్ చేసింది. సైట్ల యజమానులు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. అసలు కస్టమరు దగ్గర మాత్రమే ఉండాల్సిన ప్రైవేట్ కీ అమ్మినవాడి దగ్గర ఎందుకుంది? తాళాలమ్మే కొట్టువాడు ప్రతి తాళానికీ ఒక మారుచెవి తన దగ్గర ఉంచుకున్నాడన్నమాట. "మీ కీ మేమే తయారు చేసిపెడతాం" అనే ఏ వెబ్‌సైటునీ నమ్మకూడదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకోటి, ఏడాదికి పైగా హెచ్చరించినా అందరూ మారలేదు. 2018 అక్టోబరులో కూడా, ప్రపంచంలోని మొదటి 10 లక్షల సైట్లలో 1 శాతానికి పైగా పాత సిమాంటెక్ సర్టిఫికెట్లతోనే ఉన్నాయని మొజిల్లా లెక్క తేల్చింది. ఆ నెల తియ్యాల్సినదాన్ని వాయిదా వేసింది. ఉచితంగా మార్చి ఇస్తామన్నా మార్చుకోలేదంటే, అడ్మిన్లందరూ బద్ధకస్తులని కాదు. చాలాచోట్ల ఆ సర్టిఫికెట్ పెట్టిన మనిషి ఎప్పుడో ఉద్యోగం మారిపోయి ఉంటాడు. ఎక్కడ ఏ సర్వరులో ఏ సర్టిఫికెట్ ఉందో రాసిపెట్టుకోని ఆఫీసుల్లో, గడువు అయ్యేదాకా దాన్ని ముట్టుకునే దిక్కుండదు.

న్యాయమూర్తి ఎవరు?

ఈ కథలో నన్ను ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. 2015లో ఎవరి పేరు మీద తప్పుడు సర్టిఫికెట్ వచ్చింది? గూగుల్. శిక్ష నిర్ణయించిందెవరు? గూగుల్. 2017 జనవరిలోనే గూగుల్ ట్రస్ట్ సర్వీసెస్ పేరుతో సొంత సీఏ ప్రకటించిందెవరు? మళ్ళీ గూగులే. బాధితుడు, న్యాయమూర్తి, పోటీదారు ఒక్కరే అయితే ఊరి పంచాయితీలో కూడా ఒప్పుకోం.

దీనికి జవాబుగా చెప్పదగ్గవి రెండున్నాయి. ఒకటి, రుజువులన్నీ బహిరంగ లాగ్‌ల్లో ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు. వాదోపవాదాలు కూడా అందరి ముందే జరిగాయి. రెండు, మొజిల్లా లాంటి లాభాపేక్ష లేని సంస్థ కూడా విడిగా చూసి అదే నిర్ణయానికి వచ్చింది. అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు. ఎక్కువమంది వాడేది క్రోమ్ అయినప్పుడు, క్రోమ్ వద్దన్న సీఏ బతకడం కష్టం. సీఏల్ని అదుపు చేసేవాళ్ళు దొరికారు సరే, అదుపు చేసేవాళ్ళని అదుపు చేసేదెవరు? నా మట్టుకు, ఈ పని బహిరంగంగా జరిగినంతవరకే దాన్ని సమర్థిస్తాను.

2024లో ఇదే నాటకం ఎన్‌ట్రస్ట్ అనే ఇంకో పాత సీఏతో మళ్ళీ నడిచింది. ఈసారి దొంగ సర్టిఫికెట్లు కూడా లేవు. సుమారు 26,000 సర్టిఫికెట్లలో నిబంధన ప్రకారం ఉండాల్సిన ఒక లింకు లేదు, అంతే. అది చిన్న తప్పే. కానీ నిబంధన ప్రకారం ఐదు రోజుల్లో రద్దు చెయ్యాల్సినవాటిని ఎన్‌ట్రస్ట్ కస్టమర్లకి ఇబ్బందని సాగదీసింది, తప్పని తెలిశాక కూడా కొన్నాళ్ళు అలాగే ఇస్తూ పోయింది. అంతకుముందు ఏళ్ళ తరబడి ఇచ్చిన హామీలు కూడా నిలబెట్టుకోలేదని జూన్ 27న గూగుల్ ప్రకటించింది. 2025 జనవరిలో ఎన్‌ట్రస్ట్ తన పబ్లిక్ సర్టిఫికెట్ల వ్యాపారాన్ని సెక్టిగోకి అమ్మేసింది.

సిమాంటెక్ నుంచి నేర్చుకున్న పాఠం ఇక్కడ కనిపిస్తుంది. ఈసారి పాత సర్టిఫికెట్లని ముట్టుకోలేదు, వాటి గడువు తీరేదాకా పనిచేస్తాయి. క్రోమ్‌లో 2024 నవంబరు 11 తర్వాత ఇచ్చినవి మాత్రమే చెల్లవు. మరి సీఏ పాత తేదీ వేసి కొత్తది ఇస్తే? వోసైన్ అనే చైనా సీఏ గతంలో అలా తేదీలు వెనక్కి జరిపి దొరికిపోయింది కూడా. అందుకే సీఏ వేసే తేదీని కాకుండా, బహిరంగ లాగ్ వేసే టైమ్‌స్టాంప్‌ని లెక్కలోకి తీసుకున్నారు. సాక్షి గడియారమే చెల్లుతుంది. దీంతో సైట్లు ఒక్కసారిగా కూలకుండానే ఒక సీఏని బయటికి పంపడం సాధ్యమైంది.

మన దేశం సంగతి

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. 2014 జూలైలో మన నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ నుంచి గూగుల్ డొమైన్ల మీద అనధికార సర్టిఫికెట్లు వచ్చాయి. ఎన్ఐసీ ఇంటర్మీడియట్ల పైన ఉన్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ, కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్. ఆ రూటు మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉంది కాబట్టి విండోస్ మీద చాలా ప్రోగ్రాములు ఆ సర్టిఫికెట్లని నమ్మేవి. ఫైర్‌ఫాక్స్ సొంత జాబితాలో ఆ రూటు లేదు కాబట్టి దానికి బాధ లేకపోయింది. ఎన్ఐసీలో సర్టిఫికెట్లిచ్చే ప్రక్రియలోకి ఎవరో చొరబడ్డారనీ, నాలుగే తప్పుగా వచ్చాయనీ కంట్రోలర్ సంస్థ చెప్పింది. గూగుల్‌కి మాత్రం అంతకంటే ఎక్కువే కనిపించాయి. చివరికి క్రోమ్ మన ప్రభుత్వ రూటు పరిధిని జీఓవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ లాంటి కొన్ని డొమైన్లకే కుదించేసింది.

సిమాంటెక్ కథలో 23 వేలల్లోకి మారింది, ఇక్కడ నాలుగు ఇంకొన్నయింది. రెండుచోట్లా జబ్బు ఒకటే. ఇచ్చినవాడికే లెక్క తెలీదు.

2023లో కేంద్రం సొంత బ్రౌజరు కోసం ఒక పోటీ పెట్టింది. మన ప్రభుత్వ రూటుని నమ్మాలన్నది అందులో ఒక షరతు. 2025లో జోహో వారి ఉలా గెలిచింది. మన నమ్మకాల జాబితా మనమే రాసుకోవాలన్న కోరిక తప్పు కాదు. జాబితా అమెరికా కంపెనీల చేతుల్లోనే ఎందుకుండాలన్న ప్రశ్న న్యాయమైనదే. బెంగళూరుకి చెందిన ఈముద్ర సంస్థ, అందరికీ పెట్టే ఆడిట్లూ బహిరంగ చర్చా దాటుకునే మొజిల్లా జాబితాలో చోటు సంపాదించింది, అంటే ఆ దారి మూసుకుపోలేదు. నా అభిప్రాయంలో, సొంత జాబితా రాసుకున్నా సరే, రచ్చబండ పలక మాత్రం ఉండి తీరాలి. తప్పు దొరికితే సొంత రూటునైనా తీసేస్తామన్న ధైర్యం కూడా ఉండాలి. అది లేకపోతే జాబితా మారుతుంది గానీ, మన భద్రత మారదు.

మనం చెయ్యగలిగినవి

ఇప్పుడు సర్టిఫికెట్లకి డబ్బు కట్టక్కర్లేదు. లాభాపేక్ష లేని లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరు నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. కొన్ని పనులు మనమే చేసుకోవచ్చు.

ఫెస్టుకి సైటు పెడితే సర్టిఫికెట్ రెన్యూవల్‌ని ఆటోమేట్ చెయ్యండి. ఇప్పటికే ఆమోదించిన నిబంధనల ప్రకారం సర్టిఫికెట్ల గరిష్ఠ కాలం 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 నుంచి 100 రోజులు, 2029 నుంచి 47 రోజులే. చేత్తో మార్చుకుంటూ కూర్చుంటే సెమిస్టరుకి మూడుసార్లు సైటు పడుకుంటుంది. రెన్యూవల్ ఆటోమేట్ అయితే రేపు మీ సీఏ దుకాణం మూసేసినా, స్క్రిప్టులో ఒక లైను మార్చి ఇంకో సీఏకి వెళ్ళిపోవచ్చు.

డీఎన్ఎస్‌లో సీఏఏ రికార్డు పెట్టండి. "నా పేరు మీద ఫలానా సీఏ మాత్రమే ఇవ్వాలి" అని చెప్పే రికార్డది. 2017 సెప్టెంబరు నుంచి దాన్ని చూడకుండా ఏ సీఏ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. నేను పైన చెప్పిన మొదటి బలహీనతకి ఇది పూర్తి మందు కాకపోయినా కొంత కట్టడి.

సీఆర్‌టీ డాట్ ఎస్‌హెచ్ అనే సైటుకి వెళ్ళి మీ డొమైన్ పేరు కొట్టండి. ఆ పేరు మీద ఇప్పటిదాకా ఎవరెవరు ఏ రోజున సర్టిఫికెట్ ఇచ్చారో మొత్తం కనిపిస్తుంది. 2015లో గూగుల్ చూసిందీ, 2017లో ఆ పరిశోధకుడు చూసిందీ ఇలాంటి లాగ్‌లనే. మన కాలేజీ డొమైన్‌తో మొదలుపెట్టండి. అందులో మీరెవరూ పెట్టని సబ్‌డొమైనో, ఎప్పుడూ వినని ఇష్యూయర్ పేరో కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి సిస్టమ్ అడ్మిన్ సార్‌కి చూపించండి. చాలావరకు దానికి మామూలు కారణమే ఉంటుంది. లేకపోతే మాత్రం, అడిగిన మొదటి మనిషి మీరే అవుతారు.